ఉన్ని, సూది, రెండు కుక్కలు: ఇంట్లో ఫెల్ట్ పని చిక్కులు, పరిష్కారాలు

బెంగళూరు రామమూర్తి నగర్‌లో మాది మూడు గదుల ఇల్లు. ఇంట్లో అత్తగారు, ఆయన, నేను, మా అమ్మాయి, రెండు కుక్కలు ఉంటాం. బూందీ తెల్లటి స్పిట్జ్, దాని ఒళ్ళంతా బొచ్చే. మిరియం నల్లటి నాటు కుక్క. వానలో వణుకుతుంటే మా అమ్మాయి దుపట్టాలో చుట్టి తెచ్చింది. నాలుగేళ్ళుగా ఈ ఇంట్లోనే ఫెల్ట్ పని, అంటే నేయకుండా, అల్లకుండా ఉన్ని పోగుల్నే చిక్కబెట్టి గట్టిపరిచే పని చేస్తూ బొమ్మలు, కోస్టర్లు, ఇంట్లో వేసుకునే చెప్పులు చేస్తున్నాను. పని చెడినప్పుడల్లా కారణం వెతుక్కుంటూ పోతే చివరికి రెండు చోట్లే తేలుతోంది. ఒకటి, ఉన్ని పోగు ఎలా పెనవేసుకుంటుందో పట్టించుకోకపోవడం. రెండోది, కుక్క ముక్కు ఎంత దూరం పోగలదో లెక్క వేసుకోకపోవడం.

మొదటిది ముందు చెప్పాలి, మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. గోరువెచ్చటి నీళ్ళు, సబ్బు తగిలి అటూ ఇటూ కదిలితే పోగులు ఒకదాంట్లోకి ఒకటి జొరబడి పొలుసులతో పట్టుకుంటాయి, మళ్ళీ విడిపోవు. ఇది తడి పద్ధతి. పొడి పద్ధతిలో ఆ కదలికను సూది ఇస్తుంది. ఫెల్టింగ్ సూది అంచుల మీద చిన్న చిన్న గాట్లు ఉంటాయి. లోపలికి దిగేటప్పుడు అవి పోగుల్ని ఈడ్చుకెళ్ళి అక్కడే వదిలేసి వస్తాయి.

ఎంత పొడిచినా బొమ్మ గట్టిపడటం లేదు

ముందు మీ చేతిలో ఉన్నది ఉన్నేనా అని చూడండి. అంగళ్ళలో ‘ఊలు’ అని అమ్మే అల్లిక దారంలో ఎక్కువ భాగం యాక్రిలిక్. దానికి పొలుసులు ఉండవు కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పొడిచినా పత్తి ఉండలా మెత్తగానే ఉంటుంది. ఒక పోగు తీసి సింక్ మీద పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అయితే ఉన్ని. కరిగి గట్టి పూసలా మిగిలితే యాక్రిలిక్. లేబుల్ మీద ‘సూపర్‌వాష్’ అని ఉంటే అది నిజమైన ఉన్నే అయినా వద్దు. వాషింగ్ మెషీన్‌లో ముడుచుకుపోకుండా దాని పొలుసుల్ని అణిచేసి ఉంటారు.

ఉన్ని మంచిదే అయితే తప్పు మొదటి చుట్టలో ఉంటుంది. వదులుగా చుట్టి మొదలుపెడితే తర్వాత ఎంత పొడిచినా పైన పెంకు కట్టి లోపల బోలుగా ఉంటుంది. చపాతీ పిండి ముద్ద చేసినట్టు వేళ్ళతో అదిమి పట్టి బిగుతుగా చుట్టుకుని అప్పుడు సూది పట్టండి. మెరీనో అనే జాతి గొర్రె ఉన్ని పోగు సన్నం, తడి పనికి దానికి సాటి లేదు, కానీ బొమ్మ లోపలి ముద్దకు కాస్త ముతక ఉన్నే మేలు. నేను వాడేది మన దక్కని గొర్రెల నల్ల ఉన్ని. మా అత్తగారిది అనంతపురం వైపు పల్లె. కురుబలు నేసే కంబళి కప్పుకుని పెరిగిన మనిషి. నేను మొదటిసారి ఆ ఉన్ని మూట విప్పగానే వాసన పట్టేశారు. "ఏమ్మా, చెళ్ళకెరె సంతకు పోయొచ్చినావా?" అన్నారు. చిత్రదుర్గ జిల్లా చెళ్ళకెరె కంబళ్ళకు పేరున్న ఊరు. ఆవిడకు పుట్టింటి వాసన అది.

సూది అంకె కూడా చూసుకోండి. అంకె పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. ఆకారం తెచ్చేందుకు 36, మధ్య పనికి 38, పైన నునుపు చేసేందుకు 40. మొదటి నుంచీ 40తో కూర్చుంటే గంటలు గడుస్తాయి కానీ పని జరగదు. చివరి దాకా 36తోనే పొడిస్తే బొమ్మ మొహం నిండా గుంటలు పడతాయి. బొచ్చు లేచి కనిపిస్తుంటే 40తో పైపైన, ఏటవాలుగా పొడిచి, మిగిలింది చిన్న కత్తెరతో కత్తిరించండి.

సూది విరిగింది

సూది లోపల ఉండగా బొమ్మను తిప్పినా, సూదితో ఉన్నిని మీటినా విరుగుతుంది. ఇడ్లీ ఉడికిందా లేదా అని పుల్ల గుచ్చి చూస్తాం కదా, ఆ పద్ధతే: ఏ దారిన దిగిందో ఆ దారినే పైకి రావాలి. కింద గట్టి చెక్క ఉన్నా మొన పోతుంది. మందపాటి ఫోమ్, లేదా గోనె గుడ్డతో కుట్టి బియ్యం నింపిన చిన్న దిండు పెట్టుకోండి. (బియ్యం దిండు మా ఇంట్లో రెండు వారాలే బతికింది. బూందీ మూల కొరికి గదంతా అక్షింతలు చల్లింది. ఇప్పుడు ఫోమే వాడుతున్నాను.)

కుక్కలున్న ఇంట్లో సూది విరిగితే అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆ మొన దొరికేదాకా లేవకూడదు. నా దగ్గర ఎప్పుడూ ఆరు సూదులే బయట ఉంటాయి, ఆరూ ఒక డబ్బా మూత లోపలి ఫోమ్‌లో గుచ్చి ఉంటాయి. పని అయ్యాక అత్తగారు వచ్చి పైకే లెక్కపెడతారు. ఆరు అనే మాట వినపడ్డాకే కుక్కల్ని హాల్లోకి వదులుతాం. మొన కోసం ఆయన పాడైన స్పీకర్ లోంచి అయస్కాంతం తీసి, పాత సాక్స్‌లో పెట్టి తాడు కట్టి ఇచ్చారు. నేల మీద, సోఫా సందుల్లో దాన్ని ఈడుస్తాను. ఒకసారి మొన నేల మీద ఎక్కడా దొరకలేదు, తీరా చూస్తే బొమ్మ కుందేలు కడుపులో ఉంది. అందుకే బొమ్మ మీద కూడా అయస్కాంతం తిప్పండి.

కుక్క సూది మింగిందని అనుమానం వచ్చినా సరే, ఉప్పు నీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నం చేయొద్దు. దిగేటప్పుడు గుచ్చుకోనిది పైకి వచ్చేటప్పుడు గుచ్చుకోవచ్చు. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి తిండి కూడా పెట్టకుండా నేరుగా వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. సూది ఉక్కుది, ఎక్స్‌రేలో కనిపిస్తుంది. దారం మింగి కొస నోట్లోంచి గానీ వెనక నుంచి గానీ వేలాడుతుంటే పట్టుకుని లాగొద్దు, పేగు కోసుకుపోతుంది. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. రాత్రిపూట ఎక్స్‌రే తీసే క్లినిక్ మీ ఇంటికి దగ్గర్లో ఏదో ఈ రోజే కనుక్కుని ఫ్రిజ్ తలుపు మీద రాసి పెట్టండి.

ఉన్ని ఉండ మాయమైంది

వాసన వల్లే. సరిగ్గా కడగని ఉన్నిలో గొర్రె జిడ్డు మిగిలి ఉంటుంది. మనకు అది లీలగా తెలిస్తే కుక్కకు గొర్రెల మందే పక్క గదిలో దిగినట్టు. పోయిన ఉగాదికి ముందు పది ఉండల తోరణం చేస్తుంటే ఒకటి కనపడలేదు. ఇల్లంతా వెతికాం. గంట తర్వాత మిరియం మంచం కింది నుంచి వచ్చి నా పాదం మీద దాన్ని పెట్టి తోక ఊపింది. చొంగతో నానిపోయి ఉంది. కడిగి పిండి చూద్దును కదా, మిగతా తొమ్మిదింటి కన్నా గట్టిగా ఉంది! వెచ్చటి తడి, ఆగకుండా నమలడం: తడి ఫెల్టింగ్‌కు కావాల్సింది అదే కదా. మా అమ్మాయి ఆ ఉండను తోరణం నడిమధ్యన కట్టింది.

సంబరంగానే ఉన్నా, ఉన్ని ముక్క మింగితే పేగుకు అడ్డం పడుతుంది కాబట్టి అలవాటు కానివ్వకూడదు. ముడి ఉన్నిని వేడి సబ్బు నీళ్ళలో కదపకుండా నానబెట్టి, రెండు సార్లు నీళ్ళు మార్చి ఆరబెట్టాకే పనిలోకి తీసుకోండి. దాచేందుకు మూత బిగిసే డబ్బా వాడండి, గుడ్డ సంచి చాలదు. కుక్కల్ని వాకింగ్‌కు తీసుకెళ్ళి తెచ్చాక, అవి పడుకునే వేళలో పనికి కూర్చోండి. నా వేళ పొద్దున పదిన్నర నుంచి పన్నెండు.

సబ్బు నురగ రావట్లేదు, ఫెల్ట్ మీద బూడిద రంగు జిగురు

ఇది బెంగళూరులో బోరు నీళ్ళ తంటా. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బు వాటితో కలిసి తెట్టులా పేరుకుంటుంది. సబ్బు ఎంత రుద్దినా నురగకు బదులు తెట్టే పెరుగుతుంది. ఉన్ని జారదు, పైన బూడిద రంగు పొర మిగులుతుంది. నేను రెండు నెలల పాటు ఉన్నిదే లోపమనుకుని మూడు రకాలు మార్చాను.

కావేరి నీళ్ళు వచ్చే రోజు రెండు బకెట్లు పట్టి పెట్టుకోండి. అంతకన్నా మంచిది వాన నీళ్ళు. మా మేడ మీద డ్రమ్ము ఉంది. మొదటి వాన కప్పు మీది దుమ్ముతో పోనిచ్చి, రెండో వాన నుంచి పడతాం. ఆ నీళ్ళలో చిటికెడు సబ్బు తురుముకే చేతులు జారిపోయేంత నురగ వస్తుంది. బోరు నీళ్ళు తప్ప వేరే దారి లేకపోతే సబ్బు మానేసి అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేయండి, దానికి తెట్టు కట్టదు. చివరిసారి జాడించేటప్పుడు బకెట్‌లో రెండు చెంచాల వెనిగర్ కలిపితే మిగిలిన పొర విడిచిపోతుంది, పోగు మెత్తబడుతుంది. 2024 వేసవిలో నగరమంతా నీళ్ళకు అల్లాడినప్పుడు తడి పని పూర్తిగా ఆపేశాను. మూడు నెలలూ సూది పనే. అలాంటి రోజుల్లో మీరూ అలాగే చేయండి.

చెప్పులు చేస్తే పాపాయి చెప్పులయ్యాయి

తడి ఫెల్ట్ మామూలుగా 30 నుంచి 40 శాతం దాకా ముడుచుకుంటుంది. ఉన్నిని బట్టి, చేతి బలాన్ని బట్టి మారుతుంది కాబట్టి ముందు 10 సెంటీమీటర్ల చదరం ముక్క చేసి చూడండి. అది 7 సెంటీమీటర్లకు వస్తే, కావాల్సిన కొలతను 0.7తో భాగించండి. 24 సెంటీమీటర్ల పాదానికి, ఉన్ని పరిచే అచ్చు పొడవు 34 సెంటీమీటర్ల పైచిలుకు ఉండాలి. ఒక చెప్పు చిన్నదిగా, ఇంకోటి పెద్దదిగా వస్తే ఉన్నిని తూకం వేయకుండా పరిచారని అర్థం. వంటింటి తూకం మీద రెండు కుప్పలూ సమానంగా పెట్టుకుని మొదలుపెట్టండి.

తెల్ల ఉన్నిలో నల్ల వెంట్రుకలు

మిరియం వెంట్రుక పొట్టిగా, నిటారుగా ఉంటుంది. ఫెల్ట్‌లో సగం దిగి సగం ముల్లులా నిలబడుతుంది. లాగితే వచ్చేస్తుంది, పట్టకారు చాలు. పనికి కూర్చునే ముందు తడి చేసిన రబ్బరు గ్లవ్‌తో ఒళ్ళోని బట్టను ఒకసారి తుడిస్తే సగం పీడ వదులుతుంది. నేనైతే తెల్ల పని ఉన్న రోజు మిరియాన్ని ఒళ్ళో ఎక్కించుకోను. అది మాత్రం గుమ్మం దగ్గర కూర్చుని నిట్టూరుస్తుంది.

బూందీ బొచ్చుతోనే బొమ్మ చేయాలని మీకూ ఆశ ఉంటుంది, నాకూ ఉండింది. దువ్వెనకు వచ్చే లోపలి మెత్తటి బొచ్చే తీసుకోవాలి. పైన ఉండే గరుకు వెంట్రుకలు ఏరి పారేయాలి. ఉత్త కుక్క బొచ్చుకు పట్టు తక్కువ, దానంతట అది నిలవదు. సగానికి సగం గొర్రె ఉన్ని కలిపి, రెండు బ్రష్‌ల మధ్య దువ్వి వాడండి. బాగా కడిగినా, వాన రోజున కాస్త కుక్క వాసన వేస్తుంది. ఆ బొమ్మ బూందీదే కనుక మాకేం ఇబ్బంది లేదు.

డబ్బా తెరిస్తే ఉన్ని పొడిపొడిగా రాలుతోంది

చిమ్మట పిల్లలు తింటున్నాయి. వెంటనే అందరూ చెప్పే మందు కలరా ఉండలు. కుక్కలున్న ఇంట్లో అవి వద్దే వద్దు. వాటిలో ఉండే నాఫ్తలిన్ కుక్క కడుపులోకి వెళితే రక్తకణాలు దెబ్బతింటాయి, పూజ కర్పూరం కూడా విషమే. వేపాకు పెట్టుకోవచ్చు, కానీ గుడ్లను అది చంపదు. చంపేది చలి. ఉన్నిని జిప్ కవర్లో గాలి తీసి మూసి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి. తీశాక కవరు విప్పకుండా గది వేడికి రానివ్వండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది.

కవరు మీద పెద్ద అక్షరాలతో పేరు రాయడం మరవకండి. మా ఇంట్లో పచ్చి బఠాణీల పక్కన లేత పచ్చ ఉన్ని పెట్టాను. ఆదివారం పులావు కోసం ఆయన ఆ కవరు తీసి గిన్నె నీళ్ళలో వేశారు. అత్తగారు మూత తీసి చూసి, "ఒరేయ్, ఈ బఠాణీకి బొచ్చుందేమిరా?" అని కేక పెట్టారు. రెండు కుక్కలూ వంటింటి గుమ్మంలో వరసగా కూర్చుని ఆ గిన్నె వంకే చూస్తున్నాయి.

నీళ్ళు చల్లవి, ఎవరూ కదపలేదు కాబట్టి ఉన్నికి ఏమీ కాలేదు. తువ్వాలులో చుట్టి, పిండకుండా అదిమి, ఫ్యాను కింద పరిచాను. జూలై ముసురులో ఏ తడి ఫెల్ట్ ఆరకపోయినా ఇదే దారి: తువ్వాలులో చుట్టి పైనుంచి కాళ్ళతో నొక్కండి, ఎత్తయిన జల్లెడ మీద పెట్టండి, పూటకోసారి తిప్పండి. జల్లెడ మాత్రం కుక్కకు అందనంత ఎత్తులో ఉండాలి. మా ఇంట్లో అది బీరువా పైన ఉంటుంది.