చైనా పాత నవలలు చదువుదాం – 4వ పాఠం: పట్నాన్ని చూస్తున్నది ఎవరు?

పోయిన పాఠంలో కథ ఏ ఊళ్ళో, ఏ వీధిలో జరుగుతోందో గుర్తు పెట్టుకుంటూ చదివాం. ఈసారి ఒక్క ప్రశ్న పట్టుకుందాం: ఆ చోటును చూస్తున్నది ఎవరు?

18వ శతాబ్దంలో త్సావ్ షుయెచిన్ వాడుక చైనీస్‌లో రాసిన ‘ఎర్ర మేడ కల’ తీయండి. 6వ అధ్యాయం. చలికాలం ముంచుకొస్తోంది, ఇంట్లో గింజల్లేవు. లియూ అవ్వ మనవణ్ని వెంటబెట్టుకుని, ఎప్పటిదో చుట్టరికం చెప్పుకుని, రాజధానిలోని జియా వారింటికి సాయం కోసం వస్తుంది. కూర్చున్న చోట ఏదో చప్పుడు, అచ్చం పిండి జల్లిస్తున్నట్టు. చుట్టూ చూస్తే స్తంభానికి ఒక పెట్టె, కింద తూకపు గుండు లాంటిది ఆగకుండా ఊగుతోంది. ఇదేంటి, ఎందుకు పనికొస్తుంది అనుకునేలోపే ఠంగుమంటుంది. అవ్వ ఉలిక్కిపడుతుంది.

అది గడియారం. ఆ మాట రచయిత అక్కడ వాడడు. ఇక్కడ నవ్వేసి పేజీ తిప్పకండి. జల్లెడ, తూకపు గుండు ఎక్కడివి? అవ్వ ఊరివి. పట్నం వస్తువును చూపిస్తూనే పల్లెలో ఆమె రోజూ ఏం పని చేస్తుందో చెప్పేశాడు. నాకు ఈ నవలలో అన్నిటికన్నా ఇష్టమైన పేరా ఇదే.

అంకెలు కూడా వదలకండి. ఆ రోజు జియా వారు అవ్వ చేతిలో పెట్టింది 20 లియాంగుల (లియాంగు అంటే వెండిని తూచే పాత చైనా కొలత) వెండి, పనిపిల్లల బట్టలకని ఉంచిన డబ్బు. 39వ అధ్యాయంలో ఆ ఇంటి పీతల విందు ఖర్చు అవ్వ లెక్కగడుతుంది: 20 లియాంగుల పైచిలుకు. మా పల్లెవాళ్ళకి ఏడాది గడిచిపోతుంది కదా అంటుంది.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. అదే శతాబ్దంలో వూ జింగ్‌జు రాసిన ‘పండితుల కథ’ 29వ అధ్యాయంలో, నాన్‌జింగ్‌లో ఇద్దరు పెంట మోసేవాళ్ళు ఖాళీ బుంగలు దించుతారు. సరుకంతా అమ్ముడైంది, ఊట దగ్గర ఓ కూజా నీళ్ళు తాగి యూహ్వాతాయ్ గుట్ట మీద సూర్యాస్తమయం చూద్దాం పద అంటాడొకడు. ఆ మాట విని మురిసిపోయేవాడు ఒక పండితుడు. అంటే అక్కడ చూస్తున్నది చదువుకున్న కళ్ళు.

అభ్యాసం: ‘ఎర్ర మేడ కల’ 40వ అధ్యాయం చదవండి. నోటుబుక్కులో రెండు గళ్ళు గీసి, అవ్వ చూసింది ఒకవైపు, దేనితో పోల్చిందో రెండోవైపు రాయండి. మొదటిది నేనే ఇస్తున్నాను: బంగారం పొదిగిన దంతపు చాప్‌స్టిక్స్ – మా ఊరి ఇనప పార కన్నా బరువు.