ముదురు మామిడి సంరక్షణ – 3వ పాఠం: ఎండుకొమ్మ కోత

కిందటి పాఠంలో ఎండుకొమ్మలకు సున్నంతో గుర్తులు పెట్టుకున్నాం. రంపం తీసే ముందు గుర్తున్న ప్రతి కొమ్మ బెరడునూ కత్తిమొనతో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే, వదిలేయండి. గోధుమరంగుకు తిరిగి పెళుసుబారితేనే కోయాలి. కాయ దించాక, జూన్-జూలైలో వాన తెరిపిచ్చిన రోజు చూసుకోండి.

లావు కొమ్మను ఒకే కోతతో దించబోతే, రంపం సగం దిగేసరికి బరువుకి కొమ్మ వాలి, మాను బెరడును కూడా ఒలుచుకుపోతుంది. అందుకే మణికట్టు కంటే లావున్న కొమ్మకు మూడు కోతలు. మానుకు అడుగు దూరంలో, కింది వైపు నుంచి మూడో వంతు మందం వరకు మొదటిది. రంపం బిగుసుకుంటుంటే అక్కడే ఆపేయండి. దానికి రెండంగుళాలు అవతల, పైనుంచి రెండోది, కొమ్మ రాలిపోతుంది. మిగిలిన మోడును తీసేది మూడోది.

తప్పులన్నీ ఈ మూడో కోతలోనే. కొమ్మ పుట్టేచోట ముడతలు పడ్డ ఉబ్బెత్తు కట్టు ఉంటుంది, దాన్నే కాలర్ అంటారు. గాయాన్ని మూసే కొత్త బెరడు దాని అంచు నుంచే పెరుగుతుంది. కోత దానికి ఆనుకుని బయట పడాలి. నున్నగా కనిపిస్తుందని మానుకు సమంగా కోస్తే కాలర్ పోతుంది, గాయం పెద్దదవుతుంది, పుచ్చు లోపలికి దిగుతుంది. అలాగని జానెడు మోడు వదిలినా తంటాయే: అది కుళ్ళుతుంది, ఆ దారినే చెదలు దూరతాయి. కొమ్మ ఎండి చాలాకాలమైతే కాలర్ దాని మీదికి పాకి ఉంటుంది. ఆ పచ్చి బెరడు ఎక్కడ ఆగిందో అక్కడే కోయండి.

కొస నుంచి వెనక్కి ఎండుతూ వచ్చే కొమ్మల లెక్క వేరు. ఎండు ఆగిన చోటు నుంచి మూడంగుళాలు పచ్చిలోకి వెళ్ళి కోయాలి. కోసిన ముఖం మీద గోధుమ చార కనిపిస్తే ఇంకాస్త లోపలికి. చెట్టు మారినప్పుడల్లా రంపాన్ని స్పిరిట్‌తో తుడవండి.

అలా పచ్చిలోకి కోసిన గాయాలకు బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం 5 లీటర్ల నీటిలో, కిలో సున్నం మరో 5 లీటర్లలో కలిపి, రెండూ ప్లాస్టిక్ బకెట్‌లోకి ఒకేసారి పోస్తూ తిప్పండి. ఇనుప పాత్ర వద్దు. ఇనుప కత్తి ముంచితే ఎర్రటి పూత అంటిందంటే సున్నం చాలలేదు, ఇంకొంచెం కలపండి. కలిపింది ఆ రోజే వాడేయాలి.

కోసిన కట్టెను చెట్టు కింద పేర్చకుండా తోట బయటికి చేర్చండి. బదనిక పట్టిన కొమ్మల సంగతి 4వ పాఠంలో.