కడుపుతో ఉన్నప్పుడు మనసు బాగోకపోతే తిండి ఎలా చూసుకోవాలి

ఊరికే ఏడుపొస్తుంటే, దేనిమీదా ఆసక్తి లేకపోతే హార్మోన్లులే అని వదిలేయకండి, రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టర్‌కి చెప్పాల్సిందే, తిండి సాయపడుతుంది కానీ ట్రీట్‌మెంట్‌కి బదులు కాదు.

ముందు రక్తపరీక్షలో ఐరన్, బి12, థైరాయిడ్ చూపించుకోండి, వీటిలో తేడా ఉంటే వచ్చే నీరసం, దిగులు అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటాయి. ఐరన్ మాత్ర టీ, కాఫీలతో వేసుకోవద్దు, ఒంటికి సరిగ్గా పట్టదు, నిమ్మరసంతో అయితే మేలు.

అసలు కష్టం వంట చేసే ఓపిక లేని రోజే. అలాంటప్పుడు పెద్ద భోజనం సంగతి వదిలేసి రెండు మూడు గంటలకోసారి ఉడికించిన గుడ్డో, పెరుగో, గుప్పెడు పల్లీలో, ఒక పండో ఏదో ఒకటి తినండి, వికారంగా ఉన్నా సరే ఖాళీ కడుపుతో మాత్రం ఉండొద్దు, ఇంకా ఎక్కువవుతుంది. ఓపికున్న రోజు పప్పు, ఆకుకూరలు. చేపలు తినేవాళ్ళు ఒమేగా 3 అనే మంచి కొవ్వు కోసం వారానికి రెండుసార్లు తినొచ్చు, కానీ సొరచేపలాంటి పాదరసం ఎక్కువుండేవి వద్దు. టీ, కాఫీల్లో ఉండే కెఫీన్ రోజుకి 200 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోండి, నిద్ర చెడితే మనసు ఇంకా కుంగుతుంది.

ఇప్పటికే డిప్రెషన్ మందులు వాడుతుంటే దయచేసి సొంతంగా ఆపేయకండి. చచ్చిపోవాలనిపిస్తే రేపటిదాకా ఆగొద్దు, వెంటనే ఇంట్లోవాళ్ళకి చెప్పి హాస్పిటల్‌కి వెళ్ళండి.