ఎండలు ముదరకముందే: ఫోన్లో బోయింక్ నడిపేవాళ్లకు జాగ్రత్తలు

పోయిన వారం ఒక మిత్రుడు ఫోటో పంపాడు. పాత ఫోన్, వెనక మూత పైకి లేచిపోయింది, లోపల బ్యాటరీ దిండులా ఉబ్బింది. ఆరు నెలలుగా ఛార్జర్‌కి తగిలించే ఉంచి, దాని మీద బోయింక్ నడుపుతున్నాడు. ఖాళీగా ఉన్న ఫోన్‌తో సైన్స్ పరిశోధనలకు కావాల్సిన లెక్కలు చేయించే యాప్ ఇది. సెట్టింగ్స్‌లో ఏం మార్చావని అడిగాను. బ్యాటరీ వేడి పరిమితిని 40 డిగ్రీల నుంచి 50కి పెంచానన్నాడు.

నేను చూసిన పాడైన ఫోన్లలో చాలావాటి కథ ఇదే. యాప్ తెరిచిన ప్రతిసారీ 'బ్యాటరీ వేడెక్కింది, పని ఆపాం' అని కనిపిస్తుంది. పని సాగడం లేదని విసుగొచ్చి ఆ అంకె పెంచేస్తారు. అది ఆగడం లోపం కాదండీ. అది ఆగితేనే మీ ఫోన్ బతుకుతుంది. ఆ 40ని ముట్టుకోకండి.

వేడి ఎందుకింత ప్రమాదం

కంప్యూటర్‌కి ఫ్యాన్ ఉంటుంది, ఫోన్‌కి ఉండదు. ప్రాసెసర్ పక్కనే బ్యాటరీ. గేమ్ అయితే గంట ఆడి పక్కన పెడతాం, ఈ లెక్కలు రాత్రంతా నడుస్తాయి. లిథియం బ్యాటరీకి వేడి చెడ్డది, ఎప్పుడూ 100 శాతం నిండి ఉండటమూ చెడ్డదే. రెండూ కలిస్తే లోపలి రసాయనాలు విడిపోయి గ్యాస్ పుడుతుంది, ఆ గ్యాసే ఉబ్బు. ఛార్జింగ్ కూడా వేడి పుట్టిస్తుంది కాబట్టి, బ్యాటరీ 90 శాతం దాటాకే, ఛార్జర్ పెట్టి ఉంటేనే పని మొదలుపెట్టేలా యాప్ ముందే సెట్ అయి వస్తుంది.

ఛార్జ్ పరిమితి

మీ ఫోన్లో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం ఉంటే తప్పకుండా వాడండి. అప్పుడు బోయింక్ 90 కోసం ఎదురుచూస్తూ అసలు మొదలే కాదు. ఇక్కడే చాలామంది ఆ సదుపాయాన్ని తీసేస్తున్నారు. తీసేయకండి, బోయింక్‌లోని కనీస ఛార్జ్‌ని 70కి తగ్గించండి. నా దృష్టిలో ఈ రెండు అంకెల్లో ధైర్యంగా మార్చదగ్గది ఇదొక్కటే. వేడి పరిమితి మాత్రం 40 దగ్గరే ఉండాలి.

ఎంత పని ఇవ్వాలి

ప్రాసెసర్‌లో ఎనిమిది కోర్లు (లెక్కలు చేసే భాగాలు) ఉన్నా బోయింక్‌కి రెండే ఇవ్వండి. వేసవిలో ఒకటి చాలు. మీ ఫోన్‌కి వచ్చిన పని గడువులోగా పూర్తికాకపోతే పరిశోధన ఆగిపోతుందన్న టెన్షన్ వద్దు, ఆ పనిని సర్వర్ ఇంకొకరికి పంపుతుంది. చాలా పరిశోధన ప్రాజెక్టులు ఒకే లెక్కను ఇద్దరికిచ్చి జవాబులు పోల్చి చూస్తాయి కూడా. వేడికి తడబడి మీ ఫోన్ తప్పు జవాబిస్తే అది చెత్తబుట్టలోకే పోతుంది. పాయింట్ల పట్టికలో పైకెక్కాలని ఫోన్‌ని కాల్చుకోకండి.

ఇక మిగతావి:

కవర్ తీసి నడపండి.

దిండు కింద, దుప్పటి మీద, సొరుగులో, మూసిన కారులో వద్దు. నేల మీదో రాతి గట్టు మీదో పెట్టండి, చుట్టూ గాలి ఆడాలి.

ఎండ పడే కిటికీ దగ్గర అసలు వద్దు.

వైర్‌లెస్ ఛార్జర్ మీద నడపకండి. అదే విడిగా వేడి పుట్టిస్తుంది.

వేడెక్కిందని ఫ్రిజ్‌లో పెట్టకండి. లోపల తేమ పడుతుంది.

యాప్‌ని అధికారిక సైట్ నుంచే దించుకోండి. సైన్స్ పేరు చెప్పి మీ ఫోన్‌తో క్రిప్టో కరెన్సీ తవ్వుకునే యాప్‌లు ఉంటాయి.

మీరు ఇంట్లో లేనప్పుడు ఆపేయండి.

మూలన పడేసిన పాత ఫోన్‌ని వాడుతుంటే వారానికోసారి చేతిలోకి తీసుకుని చూడండి. బల్ల మీద పెడితే ఊగుతోందా? స్క్రీన్ అంచు లేచిందా? వెంటనే ఛార్జర్ పీకేయండి.

ఉబ్బినదాన్ని నొక్కకండి, గుచ్చకండి, మళ్లీ ఛార్జ్ పెట్టకండి. మంటలంటుకునే వస్తువులకు దూరంగా ఉంచి సర్వీస్ సెంటర్‌కో ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకో ఇవ్వండి. చెత్తలో వేయకండి.

వేడి పరిమితిని ఇప్పటికే పెంచి ఉంటే, ఇప్పుడే యాప్ తెరిచి 40కి దించండి.