అటక మీది రంగూన్ పెట్టె: ఉప్పుకాగితం పట్టే ముందు

కోస్తా జిల్లాల నుంచి రంగూన్‌కు పనికి వెళ్లొచ్చినవాళ్ల టేకు పెట్టెలు కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నాయి. మా తాతమ్మగారిది 1941 డిసెంబరులో అక్కడ బాంబులు పడకముందే ఇల్లు చేరింది. దాన్ని బాగుచేస్తూ సగం పాడుచేశాను. మీరలా చేయకండి.

మూత పట్టేస్తోంది

శ్రావణంలో మూత రాకపోతే వడ్రంగిని పిలిచి అంచు చిత్రిక పట్టించాను. వేసవికల్లా పెన్సిల్ దూరేంత సందు! వానాకాలంలో చెక్క తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండలొస్తే తగ్గుతుంది. కాబట్టి అప్పటిదాకా ఆగండి. రాసుకుంటున్న చోట కొవ్వొత్తి రుద్దితే చాలు.

ఎండాకాలంలోనూ పట్టేస్తే తప్పు బందులది. మూత ఒకవైపు వాలిందంటే స్క్రూ కన్నం వదులైనట్టే. కన్నంలో వెదురు పుల్లలు ఫెవికాల్‌తో దిగ్గొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, పాత స్క్రూనే బిగించండి. స్క్రూ గాడికి సరిపడా వెడల్పున్న డ్రైవర్ వాడాలి, లేకపోతే తల అరిగిపోతుంది.

పిండి రాలుతోంది

పుచ్చు. టేకు చేవ, అంటే నడిమి ముదురు చెక్క, జోలికి అది పెద్దగా పోదు. అంచున తెల్లగా ఉండే చెక్కనో, వేరే రకం చెక్కతో వేసిన అడుగునో తింటుంది. పాత పిండంతా దులిపి, కింద నల్లగుడ్డ పరిచి రెండు వారాలు చూడండి. గుడ్డ మీద కొత్త పిండి కనిపిస్తేనే మందు: గ్లౌజులు వేసుకుని, గాలి ఆడేచోట, సిరంజితో ఒక్కో కన్నంలోకి. మట్టి దారులు కనిపిస్తే మాత్రం అవి చెదలు. ముందు గోడ సంగతి చూడాలి.

మేకుల చుట్టూ నల్లమచ్చలు

చెక్కలోని వగరు పదార్థం, ఇనుము, నీళ్లు కలిస్తే వచ్చే నలుపిది. లోపలికి దిగి ఉంటుంది కాబట్టి ఉప్పుకాగితంతో పోదు, గుంట పడుతుంది. ఆక్సాలిక్ యాసిడ్ పల్చగా కలిపి పూస్తే తగ్గుతుంది కానీ అది విషం. పిల్లలున్న ఇంట్లో జాగ్రత్త. తర్వాత మంచినీళ్ల గుడ్డతో రెండుసార్లు తుడవాలి. మచ్చ చిన్నదైతే నేను వదిలేస్తాను.

పైన జిడ్డుగా అంటుకుంటోంది

ఏళ్ల తరబడి రుద్దిన కొబ్బరినూనె, దాని మీద దుమ్ము. టర్పెంటైన్ గుడ్డతో కొంచెం కొంచెంగా తుడవండి. పాలిష్ వేయించాలనుకుంటే ముందు అడుగు మూలలో స్పిరిట్ ముంచిన దూది పెట్టి చూడండి. పూత కరిగి దూదికి అంటితే అది లక్క పాలిష్. దాన్ని గీకక్కర్లేదు, అదే రకం పల్చగా ఇంకో పూత వేస్తే సరి.

ముక్క వాసన

నీడలో మూత తీసి వారం ఉంచండి, లోపల బొగ్గులు పెట్టండి. నడి ఎండలో పెడితే పగుళ్లే.

ఇత్తడి నల్లబడింది

చింతపండు బిందెకు మంచిదే. పెట్టె మీద వాడితే ఆ పులుపు నీళ్లు చెక్కలోకి, మేకుల్లోకి దిగుతాయి. పొడిగుడ్డ, కాస్త బ్రాసో చాలు.

లోపలి కాగితం ఊడుతోంది

పీకేయకండి. మా పెట్టెలో నేను పీకిన మూల కింద, మూతకే పెన్సిల్‌తో తాతమ్మ రాసుకున్న లెక్క కనిపించింది: చీరలు 6, రవికలు 4, దుప్పటి 1, మరచెంబు 1. కాగితంతో పాటు ఇంకో వరుస ఊడొచ్చేసింది. అందులో ఏముందో చదవలేకపోయాం.