ఎండాకాలంలో జింక్ ప్లేటింగ్ మసకబారితే

బొబ్బిలి, పైడిభీమవరం ప్రాంతాల్లో మే నెల ఎండకు ప్లేటింగ్ షెడ్డు కొలిమిలా ఉంటుంది. క్లోరైడ్ జింక్ బాత్‌కి (ఇనుప సరుకుకు జింక్ పూత ఎక్కించే తొట్టి ద్రావణం) 20 నుంచి 35 డిగ్రీలే హాయి. అది దాటి వేడెక్కితే బ్రైట్‌నర్ (పూతకు మెరుపునిచ్చే రసాయనం) నూనెలా విడిపోయి పైకి తేలుతుంది, సరుకు మసకగా వస్తుంది. అప్పుడు ఇంకా బ్రైట్‌నర్ పోయడం శుద్ధ దండగ. ముందు చల్లబరచండి, చల్లటి నీళ్లు తిరిగే టైటానియం కాయిల్ సరిపోతుంది.

చల్లబడ్డాక బాత్‌లో రసాయనాల లెక్క చూడండి. లీటరుకు జింక్ క్లోరైడ్ 60–80 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 180–220, బోరిక్ యాసిడ్ 25–35, పీహెచ్ 5.0–5.6. బోరిక్ తగ్గితే అంచులు మాడతాయి. 267 మి.లీ. హల్ సెల్‌లో (బాత్‌ను పరీక్షించే చిన్న తొట్టి) 1 ఆంపియర్, 5 నిమిషాలు నడిపి, అందులో ప్లేటింగ్ అయిన రేకు చూశాకే ఏదైనా కలపండి.

ప్లేటింగ్ అయిన సరుకును పల్చటి నైట్రిక్ యాసిడ్‌లో ముంచగానే అంచులు నల్లబడితే బాత్‌లో ఇనుము చేరిందని అనుమానించాలి. తొట్టి అడుగున పడిన బోల్టులే చాలాసార్లు మూలం. అవి కరుగుతూనే ఉంటాయి. వారానికోసారి అయస్కాంతంతో తీసేయండి. అప్పటికే కరిగిన ఇనుము పోవడానికి, 100 లీటర్ల బాత్‌కు 35 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 10 మి.లీ. చొప్పున, పదింతల నీళ్లలో కలిపి, కలియతిప్పుతూ మెల్లగా పోయండి. ఇనుము తుప్పురంగు మడ్డిగా విడిపోతుంది, ఫిల్టర్ చేయండి. ఎక్కువ పోస్తే బ్రైట్‌నర్ కూడా పాడవుతుంది. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

స్ప్రింగులు, గట్టి బోల్టులు వేరే సంగతి. ప్లేటింగ్‌లో పుట్టే హైడ్రోజన్ ఉక్కు లోపలికి దూరి, బిగించాక పుటుక్కున విరుగుతాయి. ప్లేటింగ్ అయిన 4 గంటల్లోపు, పాసివేషన్‌కి (జింక్ పూతపై రక్షణ పొర వేసే రసాయన ముంపు) ముందే, 190–220 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి.