తారు రోడ్డు పని నేర్చుకుందాం – 5వ పాఠం: మిక్స్ వేడి, రోలర్ టైమ్

కిందటి పాఠంలో ట్యాక్ కోట్ (కింది పొరకు కొత్త పొర అంటుకోవడానికి కొట్టే పల్చని తారు పూత) కొట్టి ఆపాం. ఇప్పుడు మిక్స్‌తో, అంటే తారు కలిపిన వేడి కంకరతో, టిప్పర్ వస్తుంది. థర్మామీటర్ తీయండి.

ఇంట్లో నువ్వుండలు చుట్టడం చూసే ఉంటారు. పాకం వేడిగా ఉండగానే గబగబా చుట్టాలి. ఆరిపోయాక ఎంత నొక్కినా ఉండ కట్టదు, పొడిపొడిగా రాలుతుంది. ఇక్కడ నువ్వులు కంకర, పాకం తారు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్ల ప్రకారం వీజీ-30 (వీజీ అంటే చిక్కదనాన్ని బట్టి తారుకిచ్చే గ్రేడు) తారుతో కలిపిన మిక్స్ ప్లాంటులో 150–165 డిగ్రీలు ఉండాలి. పరిచేటప్పుడు కనీసం 140. రోలింగ్ 90కి దిగేలోపే అయిపోవాలి. వీజీ-40కి ఈ చివరి రెండూ 150, 100. అంటే మీ చేతిలో ఉన్నది 50 డిగ్రీలే. ఆ 50 దిగడానికి ఎంతసేపు పడుతుందో, రోలర్ టైమ్ అంతే. 90 దాటి దిగాక తొక్కిస్తే కంకర సర్దుకోదు, నలుగుతుంది. ఖాళీలు అలాగే ఉండిపోతాయి. కాలువల నీళ్లు, వానలు తప్పని మన డెల్టాలో ఆ ఖాళీలే గోతులవుతాయి.

మనకు ఇంకో తంటా ఉంది. కోనసీమ అంతా ఒండ్రు నేల, కంకర మెట్ట ప్రాంతం నుంచి రావాల్సిందే. ప్లాంటు కూడా క్వారీల వైపే ఉంటే మిక్స్ దూరం నుంచి వస్తుంది. ఓసారి రాజోలు వైపు పనిలో కాలువ గట్టు మీద కొబ్బరికాయల లారీ ఆగిపోయి మా టిప్పర్ గంట ఆలస్యమైంది. టార్పాలిన్ సగమే కప్పారు. తాకకుండా వేడి చూపే లేజర్ గన్ పెడితే పైన 98 చూపించింది. డయల్ థర్మామీటర్ పుల్ల లోపలికి దించితే 134. వెనక్కి పంపాల్సింది. మేస్త్రీ బతిమాలాడని ఒప్పుకున్నాను, తప్పు నాదే. పార గుచ్చితే గడ్డలు గడ్డలుగా లేచింది. మొదటి వానాకాలానికే అక్కడ కంకర లేచిపోయింది.

అందుకే గన్‌ని నమ్మకండి, అది పైపొర వేడే చెబుతుంది. పరిచిన పొరలో పుల్లను సగం మందం దాకా గుచ్చి, ముల్లు కదలడం ఆగేదాకా పట్టుకోండి. లోడు మీద నీలం పొగ లేస్తుంటే అదీ మంచిది కాదు, ప్లాంటులో తారు మాడింది.

పొర ఎంత పల్చనైతే అంత త్వరగా చల్లారుతుంది. 50 మిల్లీమీటర్ల పొరతో పోలిస్తే 25కి సగం టైమ్ కూడా దొరకదు. గట్టు మీద గాలి ఆ కాస్తా తినేస్తుంది. ధనుర్మాసంలో పొద్దున్నే మంచు పడి రోడ్డు తడిగా ఉంటే పని మొదలుపెట్టొద్దు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో గొడవ ఇంకోలా ఉంటుంది. మిక్స్ చల్లారక మెత్తగా ఉండి, రోలర్ ముందు అలలా జరుగుతుంది. అప్పుడు కాసేపు ఆగండి. వేడి పొర మీద రోలర్‌ని మాత్రం నిలబెట్టకండి. చక్రానికి అంటకుండా నీళ్లు చాలు. డీజిల్ పూస్తామంటే ఒప్పుకోకండి, తారును కరిగిస్తుంది.

అభ్యాసం: పేవర్ (మిక్స్ పరిచే యంత్రం) వెనక ఒక చోట గుర్తు పెట్టి, 140 నుంచి 90 దాకా రెండేసి నిమిషాలకు వేడి రాయండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. వచ్చే పాఠంలో అతుకులు వేసేటప్పుడు ఆ రెండు కాగితాలూ కావాలి.